పోలండు ఫుట్‌బాల్ గురువులు

1948 జూన్ 26వ తేదీన కోపెన్‌హేగెన్ నగరములో డెన్మార్కు జట్టుతో జరిగిన పోటీలో పోలండు 0-8 తేడాతో ఓడిపోయినది. ఆ దేశపు ఫుట్‌బాల్ చరిత్రలో అంతటి పరాజయము మరియొకటి లేదు. ఆనాడు తొలిసారిగా జాతీయ జట్టులో ఆడుచున్న ఒక యువకుని మొదటి సగము ముగియకముందే మైదానమునుండి బయటికి పిలిచివేసినారు. జాతీయ జట్టులో ఆడే అవకాశము అతనికి మరల రాలేదు. అతని పేరు కజిమియెష్ గూర్స్కీ. ఇరువదియారు సంవత్సరముల తరువాత అదే పోలండును ప్రపంచ కప్పులో మూడవ స్థానమునకు చేర్చిన శిక్షకుడును అతడే.

ఆట చూచువారు గోల్ కొట్టినవానిని తలచుకొందురు, ఆపినవానిని తలచుకొందురు. మైదానపు అంచున బల్లమీద కూర్చున్నవాని సంగతి ఓడిన రోజున మాత్రమే అడుగుదురు. అట్టివారి జీవితములను కొంత పరిశీలించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము. అందుకు పోలండును ఎన్నుకొనుటకు కారణము ఉన్నది. నేర్పరులైన గురువులు వరుసగా ఉండియు, వారిని నిలుపుకొనుటలో ఆ దేశము తరచుగా తొందరపడినది.

గూర్స్కీ 1921లో ల్వూవ్ నగరములో జన్మించినాడు. ఆ నగరము నేడు ల్వివ్ అను పేరుతో ఉక్రెయిన్‌లో ఉన్నది. యుద్ధానంతరము ఆయన వార్సా చేరి సైనికుల క్లబ్బైన లెగియా తరఫున ఆడినాడు. ఆట మానిన పిదప చిన్న వయస్సు జట్లకు ఏండ్ల తరబడి శిక్షణ ఇచ్చినాడు. ఈ అనుభవమే ఆయనకు అసలైన పెట్టుబడి అని మా అభిప్రాయము. ప్రధాన జట్టు చేతికి వచ్చిన కొద్ది కాలమునకే, 1972లో, మ్యూనిక్ ఒలింపిక్ తుదిపోటీలో హంగరీని 2-1తో ఓడించి స్వర్ణపతకము తెచ్చినాడు. ఆ రెండు గోల్‌లును దేయ్నావే.

మరుసటి సంవత్సరము ప్రపంచ కప్పు అర్హతకై ఇంగ్లండుతో తలపడవలసి వచ్చినది. జూన్‌లో స్వదేశమున 2-0తో గెలిచినారు గాని, జట్టులో మేటి ఆటగాడైన లుబాన్‌స్కీ ఆ ఆటలోనే మోకాలికి గాయమై దూరమైనాడు. అక్టోబరు 17న లండనులోని వెంబ్లీ మైదానములో ఆట సమానమైనను పోలండుకు చాలును. ఇంగ్లండు ఆటగాళ్లు అలలవలె మీదపడినారు. గోల్‌కీపర్ తొమషెవ్‌స్కీని విదూషకుడని బ్రయన్ క్లఫ్ అను ఇంగ్లీషు శిక్షకుడు టెలివిజనులో ఎగతాళి చేసినాడు. ఆ విదూషకుడే ఆ రాత్రి గోడయై నిలిచినాడు. 57వ నిమిషమున లాతో బంతిని లాగుకొనిపోయి అందింపగా దొమార్స్కీ గోల్ చేసినాడు. ఇంగ్లండుకు దక్కినది ఒక్క పెనాల్టీ గోల్ మాత్రమే. 1-1తో ఇంగ్లండు ప్రపంచ కప్పుకు దూరమైనది. మేటివాడు లేకపోయినను జట్టు చెదరలేదు. గురువు పనితనము ఇక్కడ తెలియును.

1974లో అర్జెంటీనా, హెయిటీ, ఇటలీ, స్వీడన్, యుగోస్లావియా వరుసగా ఓడినవి. ఫ్రాంక్‌ఫర్టులో పశ్చిమ జర్మనీతో ఆడిన దినమున కుండపోత వాన కురిసి మైదానము చెరువైనది. వేగమే బలముగా గల జట్టుకు నీటిలో పరుగెట్లు సాగును? ముల్లర్ చేసిన ఒక్క గోల్‌తో తుదిపోటీ చేజారినది. అయినను బ్రెజిల్‌ను 1-0తో గెలిచి మూడవ స్థానము పొందినారు. లాతో ఏడు గోల్‌లతో పోటీ మొత్తములో ప్రథముడైనాడు.

రెండేండ్లకు మాంట్రియల్ ఒలింపిక్ తుదిపోటీలో తూర్పు జర్మనీ చేతిలో 1-3తో ఓడి రజతము తెచ్చినప్పుడు, స్వదేశమున దానిని అపజయముగా లెక్కగట్టినారు. గూర్స్కీ పదవి విడిచినాడు. నిరుడు డిస్టింక్షను వచ్చినదని ఈ యేడు ఫస్టు క్లాసు తెచ్చిన పిల్లవానిని మందలించు తల్లిదండ్రులు మనకు తెలియనివారు కారు! ఆయన గ్రీసుకు పోయి 1977లో పనథినాయికోస్ క్లబ్బునకు లీగును, కప్పును కూడ గెలిచిపెట్టినాడు.

ఆయన స్థానమున వచ్చిన యాత్సెక్ గ్మోఖ్ వార్సా పాలిటెక్నిక్‌లో చదివిన ఇంజనీరు. గూర్స్కీకి సహాయకుడుగా ఉండి ప్రత్యర్థుల ఆటను లెక్కలు కట్టి పరిశీలించినవాడు. 1978లో అర్జెంటీనాపై దేయ్నా పెనాల్టీని ఫిల్లోల్ ఆపివేయుట ఏ లెక్కకును అందలేదు. గ్మోఖ్ కూడ గ్రీసు దారి పట్టినాడు. 1988లో లారిసా అను పట్టణపు జట్టును ఛాంపియనుగా నిలిపినాడు. ఏథెన్స్, సలోనికా ప్రాంతముల పెద్ద క్లబ్బులను కాదని అక్కడ అంతకుముందెవరును ఆ బిరుదు పొందలేదు.

ఆంటోనీ పియెఖ్నిచెక్‌కు పట్టిన పరీక్ష వేరు. 1981 డిసెంబరు 13న పోలండులో సైనిక శాసనము విధింపబడగా, ప్రపంచ కప్పుకు ముందు అన్య దేశముల జాతీయ జట్లతో ఒక్క సన్నాహపు ఆటయు దొరకలేదు. క్లబ్బు జట్లతో ఆడియే సిద్ధపడినారు. 1982లో స్పెయిన్‌లో మొదటి రెండాటలును గోల్ లేక ముగిసినవి. పిమ్మట పెరూపై 5-1, బెల్జియంపై బోనియెక్ మూడు గోల్‌లతో 3-0! సోవియట్ జట్టుతో 0-0 చేసి సెమీఫైనలు చేరినారు. శిక్ష పడిన బోనియెక్ లేనందున ఇటలీకి తలవంచి, ఫ్రాన్సును 3-2తో గెలిచి, మరల మూడవ స్థానము సంపాదించినారు. మన దేశమునకు సంబంధించిన ముచ్చట ఒకటి: 1984లో కలకత్తాలో జరిగిన నెహ్రూ కప్పును పోలండే గెలుచుకొన్నది.

1974 జట్టులోని హెన్రిక్ కాస్పెర్చాక్ శిక్షకుడై పేరు పొందినది పరదేశములలో. ఫ్రాన్సులో మెట్జ్ క్లబ్బునకు 1984లో కప్పు తెచ్చినాడు. ట్యునీసియాను 1996 ఆఫ్రికా కప్పు తుదిపోటీకి నడిపినాడు. 1998 ప్రపంచ కప్పులో రెండాటలు ఓడగానే, పోటీ ముగియకముందే ఆయనను తొలగించినారు.

1986 తరువాత పోలండు ప్రపంచ కప్పులో మొదటి దశ దాటుటకు ముప్పదియారేండ్లు పట్టినది. 2022లో కతార్‌లో చెస్వావ్ మిఖ్నియెవిచ్ ఆ పని చేయించినాడు. ఫ్రాన్సు చేతిలో 1-3తో ఓడి జట్టు ఇల్లు చేరినది. ఆట రక్తి కట్టలేదని కొందరు, బహుమతి సొమ్ము సంగతిలో వివాదమని కొందరు విమర్శించినారు. ఆ డిసెంబరులోనే, ఆయన ఒప్పందమును పొడిగింపబోమని సమాఖ్య తెలిపినది.