పొగ పోయినా పోని విషము

కర్నూలు, కడప సీమలలో చలికాలపు పురుటి గదిలో కుంపటి పెట్టుట పాత ఆచారము. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దానినే అంగీఠీ అంటారు. బాలింతకు చలిగాలి తగలరాదని తలుపులు బిగించి, నిప్పులు మంచము ప్రక్కన ఉంచుతారు. పెద్దలు బొగ్గులను బయట రాజేసి, పొగ పోయిన పిమ్మటనే లోనికి తెస్తారు. ఈ జాగ్రత్త చాలదని చెప్పుటకే మేము ఈ వ్యాసము వ్రాస్తున్నాము. పొగ పోయినంత మాత్రమున విషము పోదు.

గాలి చాలినంత అందక బొగ్గు కాలినపుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు, వాసన లేవు. దానివలన కన్ను మండదు, దగ్గు రాదు. అది రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకొంటుంది. రక్తములో ప్రాణవాయువు స్థానమును ఇది ఆక్రమిస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డు 1857లోనే వివరించెను. పాత మిద్దెలకు పైకప్పున గవాచి ఉండేది. నేటి సిమెంటు గదులకు ఆ దారి కూడ లేదు.

తలనొప్పి, తల తిరుగుట, వాంతి, నిస్సత్తువ, మగత దీని లక్షణములు. జ్వరము లేకుండ ఒకే గదిలోని వారందరికి ఒకేసారి ఇవి కలిగి, బయటికి రాగానే తగ్గినచో కుంపటినే అనుమానింపవలెను. "గాలి సోకింది" అని మంత్రగాని కొరకు పరుగెత్తరాదు. సోకినది గాలియే; కాని అది తెరచిన తలుపునకే లొంగుతుంది.

వెంటనే తలుపులు తెరచి, తల్లిని, బిడ్డను, అందరిని ఆరుబయటికి చేర్చవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు. ఊపిరి ఆడుచున్నచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, 108కి ఫోను చేయవలెను. మామూలు గాలిలో రక్తమునందలి విషము సగమగుటకు 4, 5 గంటలు పడుతుంది. ఆసుపత్రిలో శుద్ధ ప్రాణవాయువు పీల్చినచో సుమారు గంటన్నర లోపలనే సగమవుతుంది. వ్రేలికి తగిలించే ఆక్సిమీటరు ఈ విషమును గుర్తింపలేక మంచి అంకెనే చూపవచ్చును. కనుక గదిలో కుంపటి ఉండెనని వైద్యునికి తప్పక చెప్పవలెను. గర్భిణి తేరుకొన్నట్లు కనిపించినను గర్భస్థ శిశువునకు ముప్పు తొలగినట్లు కాదు.

మూసిన స్నానపుగదిలోని గ్యాసు గీజరు, ఇంటిలో నడిపే జనరేటరు కూడ ఈ కోవకు చెందినవే. బాలింతకు వెచ్చదనము కావలెనన్నచో కంబళి, ఉన్ని బట్టలు ఉన్నవి. నిప్పు మాత్రము గడప బయటనే ఉండవలెను. సెలవులకు ఇల్లు చేరిన విద్యార్థులు ఈ మాట తమ జేజికి, నానీకి మెల్లగా, మర్యాదగా చెప్పినచో మా శ్రమ ఫలించినట్లే.