తీరిక పనికి కూలి

ధ్యాన భాగములు: సామెతలు 31:10–31, లూకా 14:28–30



సామెతల గ్రంథము చివరి అధ్యాయములోని గుణవతియైన స్త్రీని గూర్చి మన సంఘములలో అనేక పర్యాయములు వినియున్నాము. ఆమె చీకటితోనే లేచుటను, రాత్రివేళ దీపము ఆరనీయకుండుటను మెచ్చుకొందుము. కాని ఆమె నారబట్టలు చేసి అమ్మెననియు (24వ వచనము), తన వ్యాపారము లాభకరమైనదని కనుగొనెననియు (18వ వచనము) వ్రాయబడిన సంగతిని తొందరగా దాటిపోవుదుము. ఈ నెల ఆ రెండు వచనముల యొద్ద కొంచెము నిలుతము.

గోదావరి డెల్టాలో నరసాపురము చుట్టుప్రక్కల స్త్రీలు కొక్కెము గల సూదితో నూలుదారము అల్లి లేసు చేయుదురు. 19వ శతాబ్దములో మిషనరీలు ఈ పనిని అక్కడి స్త్రీలకు నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటిపోయెను. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. అయితే 1982లో మరియా మీస్ అను జర్మను పరిశోధకురాలు ఆ స్త్రీలను గూర్చి ప్రకటించిన గ్రంథము మరియొక సంగతిని బయలుపరచెను. దినమునకు అనేక గంటలు అల్లుచున్నను వారు పనివారుగా లెక్కింపబడలేదు. తీరిక వేళలో ఏదో అల్లుకొను గృహిణులుగా ఎంచబడిరి. లాభము వర్తకులది, స్వల్పమైన కూలి అల్లినవారిది. "తీరిక" అను ఒక్క మాట ఇంత పని చేసెను.

మన యిండ్లలోను ఇట్లే జరుగుచున్నది. ఒక సహోదరి సరదాగా నేర్చుకొనిన అల్లికను అమ్మ మొదలుపెట్టెను. "తీరికగా అల్లినదే గదా అయ్యగారూ, దానికి కూలి యేమిటి?" అని నన్నడిగెను. ఇద్దరము కూర్చుండి ఒక బల్ల గుడ్డకు లెక్క వ్రాసితిమి. దారము 120 రూపాయలు. అల్లిన కాలము 30 గంటలు. అమ్మిన ధర 360 రూపాయలు. దారము ఖర్చు పోగా మిగిలినవి 240. అనగా గంటకు 8 రూపాయలు! "కలుపు తీసినను ఇంతకంటె నయము గదా" అని ఆమె అనెను. రెండేండ్ల క్రిందట ఆమె యొద్దనే ధర తగ్గించమని అడిగి, మా యింటి బల్ల గుడ్డ కొనినవాడను నేనే. ఆ సాయంకాలము నేనును సిగ్గుపడితిని.

కాబట్టి చేతిపనిని అమ్మ దలచువారు ఈ సంగతులు గమనింపవలెను.

మొదటిది, ముందుగా లెక్క చూడవలెను. గోపురము కట్టువాడు కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు సెలవిచ్చెను. దారము, గంటలు, చెడిపోయిన సరుకు, బస్సు చార్జీ అన్నియు ఒక పుస్తకములో వ్రాయుడి. ఇంటి డబ్బును, పని డబ్బును కలపకుడి.

రెండవది, తగిన కూలి కలిపిన ధరకు పెద్ద వస్తువు అమ్ముడుపోనియెడల, కూలి తగ్గించుకొనక వస్తువును మార్చుడి. రెండు మూడు గంటలలో ముగియు చేతిరుమాలు అంచో, గుమ్మపు తోరణమో చేసి చూడుడి.

మూడవది, కొలత తప్పకూడదు, దొంగ త్రాసు దేవునికి హేయము (సామె. 11:1). చూపిన నమూనా వలెనే సరుకుండవలెను. చేయగలిగినంతకే ఒప్పుకొని, చెప్పిన దినమున ఇయ్యవలెను.

నాలుగవది, ఇచ్చుట వేరు, అమ్ముట వేరు. తబితా విధవరాండ్రకు అంగీలు కుట్టి యిచ్చెను (అపొ. కా. 9:39). మీరును ఇయ్యదలచినయెడల సంతోషముగా ఇయ్యుడి. అమ్మునప్పుడు మాత్రము మొగమాటపడి సగము దానము, సగము బేరము చేయకుడి.

చివరిది, పని పెరిగి పొరుగు స్త్రీలచేత అల్లించు దినము వచ్చినయెడల, మీకు జరిగిన అన్యాయమును వారికి చేయకుడి. బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టునని యాకోబు వ్రాసెను (5:4).

ఆలోచించుటకు ప్రశ్నలు:
1. మన యింటిలో ఎవరి పనిని "తీరిక పని" అనుచున్నాము?
2. మనము క్రిందటిసారి బేరమాడి కొనిన చేతిపనికి ఎన్ని గంటలు పట్టియుండును?