సదర్ దున్న అందం సరే, స్ట్రా సంగతి చూడండి

దీపావళి దాటగానే కాచిగూడ, నారాయణగూడ వీధుల్లో దున్నల పండుగ సదర్ సందడి మొదలవుతుంది. హర్యానా నుంచి తెచ్చిన ముర్రా దున్నలకు నూనె రాసి, దండలు వేసి, డప్పుల మోతలో నడిపిస్తుంటే కళ్లు తిప్పుకోలేం. వాటి వీర్యం దొరుకుతుందా అని అక్కడే వాకబు చేసే పాడి రైతులూ ఉంటారు. అడగండి. కానీ ఆ నిగనిగ మేపు వల్ల వచ్చింది. తల్లి గేదె ఈతకు ఎన్ని లీటర్లు ఇచ్చింది, దున్నకు బ్రూసెల్లా, క్షయ పరీక్షలు చేశారా? వీటికి కాగితం చూపలేకపోతే వదిలేయండి. కరీంనగర్ వీర్య కేంద్రం వంటి ప్రభుత్వ కేంద్రాల స్ట్రాలు, అంటే గడ్డకట్టించిన వీర్యం ఉన్న సన్నని గొట్టాలు, మేలు.

గేదెలు ఎక్కువగా ఎదకు వచ్చేది ఈ చలికాలంలోనే. చాలా వాటిది మూగ ఎద, అరవవు. తెల్లవారుజామున, రాత్రి పడుకోబోయే ముందు కొట్టంలోకి వెళ్లి చూడండి. తీగలు వేయడం, మాటిమాటికీ మూత్రం పోయడం, పాలు తగ్గడం గుర్తులు. పొద్దున కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వీర్యం సూది వేయించాలి.

ఇక అసలు సంగతి. వీర్యకణాలు గడ్డకట్టినా బతికేలా గ్లిజరాల్ కాపాడుతుందని 1949లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అప్పటి నుంచే ఏళ్ల తరబడి నిల్వ సాధ్యమైంది. పావు మిలీలీటరు పట్టే స్ట్రా ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉండాలి. డబ్బాలో నత్రజని తగ్గినా, స్ట్రాను డబ్బా మూతికి పైకెత్తి తీరిగ్గా వెతికినా లోపలి కణాలు చస్తాయి. మళ్లీ ముంచినా బతకవు. చూపుకు మాత్రం ఆ స్ట్రాలో ఏ తేడా కనబడదు. గేదె తిరిగి పొర్లినప్పుడు నింద దాని మీద వేస్తాం.

అందుకే సూది వేసే గోపాలమిత్ర వచ్చేసరికి గోరువెచ్చని నీళ్లు సిద్ధంగా పెట్టండి. 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి, తడి పూర్తిగా తుడిచి, ఆలస్యం లేకుండా వేయాలి. చేతుల మధ్య రుద్ది, జేబులో పెట్టి కరిగిస్తుంటే మొహమాటం లేకుండా ఆపండి. స్ట్రా మీది దున్న నంబరు, తేదీ రాసిపెట్టుకోండి. 21వ రోజు మళ్లీ ఎద చూడండి. పొర్లకపోయినా మూడో నెలలో చూడి పరీక్ష చేయించండి. ఇప్పుడు కట్టిన గేదె సుమారు 310 రోజులకు, అంటే పచ్చిమేత దండిగా దొరికే భాద్రపదంలో ఈనుతుంది.