శ్రీహరికోట రాకెట్టు – బోగోలు పడవ

బోగోలు మండలంలో సముద్రం ఒడ్డున పాలేలు ఉన్నాయి. జువ్వలదిన్నె ఆ మండలంలోదే. అక్కడి మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లు చేపలు ఎండబెడతారు. గంపలకెత్తి అమ్ముతారు. పడవ తిరిగి వస్తేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

ఒక రాత్రి. ఒక పాలెంలో అత్తా కోడలూ ఇంటి ముందు కూర్చున్నారు. దక్షిణం వైపు ఆకాశంలో ఒక వెలుగు లేచింది. అది చుక్క కాదు. విమానమూ కాదు. ఎర్రగా పైకి పోతా ఉంది. కాసేపటికి సన్నబడి సముద్రం మీదుగా మాయమైంది.

"ఏందమ్మాయ్ అది, కొరివి మాదిరి పోయింది?" అంది అత్త.

"శ్రీహరికోట రాకెట్టు అత్తా. టీవీలో చెప్పినారు గదా!"

"అది ఎగిరితే మనకేమొస్తది? మీ మామ వేటకు పోయి రెండు రోజులాయె. ఆయన యాడ ఉండాడో ఆ రాకెట్టు చెప్తదా?"

కోడలు వెంటనే జవాబు చెప్పలేకపోయింది. అత్త అడిగింది చిన్న ప్రశ్న కాదు.

శ్రీహరికోట ఒక దీవి. బోగోలుకు దక్షిణాన నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. దానికి ఒక వైపు పులికాట్ సరస్సు. మరో వైపు బంగాళాఖాతం. దగ్గరలో ఉన్న పట్నం సూళ్లూరుపేట. ఇదంతా మొదట నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది.

రాకెట్ల కోసం ఈ దీవిని 1969లో ఎంపిక చేశారు. అప్పుడు అక్కడ యానాదులు బతుకుతుండేవారు. అడవిలో దొరికేదీ, నీళ్లలో దొరికేదీ వాళ్లకు ఆధారం. రాకెట్ల కేంద్రం కోసం వాళ్లు తమ చోటు వదలాల్సి వచ్చింది. శ్రీహరికోట గొప్ప గురించి చెప్పేటప్పుడు ఈ మాట చాలామంది చెప్పరు.

ఇక్కడే ఎందుకు? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతూ ఉంటుంది. శ్రీహరికోట దగ్గర ఆ వేగం గంటకు 1,600 కిలోమీటర్ల పైమాటే. కదిలే బండి మీద నుంచి ముందుకు విసిరిన రాయి ఎక్కువ దూరం పోతుంది కదా! అలాగే తూర్పుకు ఎగిరే రాకెట్టుకు భూమి వేగం తోడవుతుంది. ఇంకొక కారణం ఉంది. రాకెట్టు పైకి పోతూ, ఖాళీ అయిన భాగాలను వదిలేస్తుంది. అవి ఊళ్ల మీద పడకూడదు. తూర్పున అంతా సముద్రమే. అందుకే రాకెట్టు ఎగిరే రోజు ఆ వైపు సముద్రంలోకి పడవలు పోవద్దని చెబుతారు. ఆ రోజు వేట పోయినట్టే.

రాకెట్టు ఎట్లా ఎగురుతుంది? దీపావళి తారాజువ్వను చూడండి. నిప్పు కిందికి చిమ్ముతుంది. జువ్వ పైకి లేస్తుంది. రాకెట్టూ అంతే. అయితే ఒక తేడా ఉంది. బిట్రగుంటలో పాతకాలంలో బొగ్గు ఇంజన్ల షెడ్డు ఉండేది. ఆ ఇంజన్లు బొగ్గునూ నీళ్లనూ మోసుకుని పోయేవి. బొగ్గు మండటానికి గాలి కావాలి. అది బయట దొరికేది. పైకి నూరు కిలోమీటర్లు పోతే గాలి ఉండదు. అందుకని రాకెట్టు ఇంధనంతో పాటు ప్రాణవాయువును కూడా మోసుకు పోవాలి.

రాకెట్టు ఒక బండి మాత్రమే. అందులో పోయే సరుకు ఉపగ్రహం. దాన్నే శాటిలైటు అంటారు. రాకెట్టు దాన్ని పైన వదిలితే అది భూమి చుట్టూ తిరుగుతూ ఉంటుంది. బండి పని నిమిషాల్లో అయిపోతుంది. సరుకు ఏళ్ల తరబడి పని చేస్తుంది.

ఈ పని చేసే మన సంస్థ పేరు ఇస్రో. అది 1969లో ఏర్పడింది. మొదటి రోజుల్లో మన ఉపగ్రహాలను వేరే దేశాల రాకెట్లు మోశాయి. 1975లో ఆర్యభట్టను రష్యా వాళ్ల రాకెట్టు తీసుకుపోయింది. అప్పటికి ఆ దేశం పేరు సోవియట్ యూనియన్. 1981లో ఆపిల్ అనే ఉపగ్రహాన్ని ఐరోపా వాళ్ల రాకెట్టు మోసింది. ఈ ఆపిల్‌ను పంపే ముందు పరీక్ష చేయాలి. చుట్టుపక్కల ఇనుము ఉంటే పరీక్ష సరిగా కుదరదు. అందుకని దాన్ని ఎద్దులబండి మీద పెట్టారు! ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. ముందు ఎద్దు. వెనక శాటిలైటు.

సొంత రాకెట్టు తేలిగ్గా రాలేదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన రాకెట్టు సముద్రంలో కూలింది. మరుసటి ఏడాది, 1980 జులై 18న మళ్లీ ఎగిరింది. ఆ సారి రోహిణి ఉపగ్రహాన్ని చేర్చింది. అప్పట్లో ఈ పనిని నడిపించినవాడు అబ్దుల్ కలాం. ఇస్రోకు పెద్ద సతీశ్ ధావన్. 2002 నుంచి శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరే పెట్టారు. 2025 జనవరి 29న అక్కడి నుంచి నూరో రాకెట్టు ఎగిరింది. అదే ఏడాది మే నెలలో ఇంకొక రాకెట్టు దారి తప్పింది. ఓటమి ఇప్పటికీ ఉంది.

ప్రపంచంలో ఈ పని చేసే దేశాలు చాలా ఉన్నాయి. 1957లో మొదటి ఉపగ్రహాన్ని పంపింది సోవియట్ యూనియన్. 1969లో చంద్రుడి మీదికి మనుషులను పంపింది అమెరికా సంస్థ నాసా. ఐరోపా దేశాలు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాయి. జపానుకు ఉంది. చైనాకు ఉంది. 2024లో చైనా చంద్రుడి అవతలి వైపు మట్టిని కూడా తెచ్చింది. మన చంద్రయాన్-2 దిగేటప్పుడు 2019లో కూలింది. చంద్రయాన్-3 మాత్రం 2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రుడి దక్షిణం కొసకు దగ్గరగా దిగింది.

వీటన్నిటిలో ఒక ఆడమనిషి సంగతి చెప్పుకోవాలి. ఆమె పేరు వాలెంతీనా తెరిష్కోవా. రష్యా దేశస్థురాలు. తండ్రి యుద్ధంలో చనిపోయాడు. ఆమె బట్టల మిల్లులో కూలి చేసింది. పని చేస్తూనే చదువుకుంది. 1963 జూన్ 16న రాకెట్టు ఎక్కింది. దాదాపు మూడు రోజులు ఒక్కతే భూమి చుట్టూ 48 సార్లు తిరిగి వచ్చింది. అంతరిక్షానికి పోయిన మొదటి స్త్రీ ఆమె. మన చంద్రయాన్-2 పనికి పెద్దగా ఉన్నదీ ఒక స్త్రీయే. ఆమె ముత్తయ్య వనిత.

"అంతా బాగుంది. చంద్రుడి మీద ఏముంటే మనకేంది?" అనేవాళ్లు ఉన్నారు. అలా అడగటం తప్పు కాదు. ఖర్చయ్యేది ప్రజల డబ్బే. అయితే బోగోలు ఒడ్డుకు కావలసిన జవాబు చంద్రుడి దగ్గర లేదు. తుపాను దగ్గర ఉంది.

1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచింది. దాదాపు పదివేల మంది పోయారు. అప్పటికి తుపానును పైనుంచి కనిపెట్టి చూసే ఉపగ్రహం మన దేశానికి లేదు. 1982లో ఇన్సాట్ వరసలో మొదటిదాన్ని పంపారు. కొన్ని నెలలకే అది చెడిపోయింది. 1983లో రెండోదాన్ని అమెరికా వాళ్ల అంతరిక్ష నౌక తీసుకుపోయి వదిలింది. అది నిలిచింది.

1989 నవంబరులో థాయ్‌లాండ్ దగ్గర సముద్రంలో ఒక తుపాను పుట్టింది. అక్కడి నేల దాటింది. బంగాళాఖాతంలో బలం పెంచుకుంది. తిన్నగా మన కావలి దగ్గర ఒడ్డును కొట్టింది. ఇళ్లు కూలాయి. చెట్లు పడ్డాయి. మన దేశంలో అరవై మందికి పైగా చనిపోయారు. ఒక్క ప్రాణమైనా తక్కువ కాదు. కానీ ఈసారి అది సముద్రం మీద ఉండగానే పైనుంచి కన్ను చూస్తూ ఉంది. బోగోలు, కావలి వైపు పెద్దవాళ్లకు ఆ రాత్రి గాలి మోత ఇంకా గుర్తు.

ఇప్పుడు ఆ పని చేసే ఉపగ్రహాలలో ఒకటి ఇన్సాట్-3డీఎస్. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచే పోయింది. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. భూమితో సమానంగా తిరుగుతుంది. అందుకే ఎప్పుడూ మన నెత్తి మీదే నిలబడినట్టు ఉంటుంది. రాత్రీ పగలూ మబ్బుల ఫోటోలు తీసి పంపుతుంది. వాతావరణ శాఖ వాటిని చూస్తుంది. అల్పపీడనమా? వాయుగుండమా? గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే దానికి తుపాను అని పేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను నెల్లూరు ఒడ్డు పక్కగా పోయి బాపట్ల దగ్గర నేలకెక్కింది. అది వస్తుందని ముందే తెలిసింది.

కబురు రేవుకు అంకెలలో వస్తుంది. కృష్ణపట్నం రేవులో ఫలానా నంబరు హెచ్చరిక అని పేపర్లో రాస్తారు. 1, 2 అంటే గాలివాన దూరాన ఉంది. 3, 4 అంటే రేవుకు దగ్గరపడవచ్చు. 5, 6, 7 అంటే ప్రమాదం. 8, 9, 10 అంటే పెద్ద ప్రమాదం. 11 అంటే కబురు వచ్చే దారే తెగిపోయిందని.

మరి ఒడ్డు వదిలి పోయిన పడవకు కబురు ఎట్లా? సెల్‌ఫోను కొంత దూరమే పలుకుతుంది. తర్వాత మూగబోతుంది. ఉపగ్రహం తుపానును చూసినా, ఆ పడవకు చెప్పేవాళ్లు లేక ఎందరో పోయారు. దీనికోసం పడవలో పెట్టే ఒక చిన్న పెట్టెను ఇస్రో తయారు చేసింది. అది ఉపగ్రహంతో మాట్లాడుతుంది. పడవ ఎక్కడ ఉందో ఒడ్డుకు తెలుపుతుంది. తుపాను కబురును పడవకు చేరుస్తుంది. ఆపద వస్తే పడవ నుంచి కేక కూడా పంపవచ్చు. 2024లో కేంద్ర ప్రభుత్వం దేశమంతా లక్ష పడవలకు ఈ పెట్టెలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది.

మరునాడు పొద్దున కోడలు పేపరు తెచ్చింది. వేలు పెట్టి మెల్లగా చదివింది.

"అత్తా, వాయుగుండం లేదంట. రేవులో ఏ నంబరూ ఎత్తలేదు."

"సరే. ఆ పెట్టె సంగతి ఏందో అన్నావే. మన పడవకు ఉందా?"

"లేదత్తా."

"ఎవురిని అడగాల?"

"మత్స్యశాఖ ఆఫీసులో. అర్జీ రాయాల."

"నువ్వు రాస్తావా?"

"రాస్తా. సంతకం మాత్రం నువ్వూ పెట్టాల."

మధ్యాహ్నానికి పడవ వచ్చింది. మామ వల దులుపుతా ఉంటే అత్త ముందు అడిగిన మాట చేపల గురించి కాదు. పడవ నంబరు ఎంత అని.

మాట్లాడుకోండి:
1989 తుపాను మీ ఇంట్లో ఎవరికి గుర్తుంది? ఆ రోజు కబురు ఎలా తెలిసింది?
మీ పాలెంలో ఎన్ని పడవలకు ఆ పెట్టె ఉంది?
మత్స్యశాఖకు మీరే ఒక అర్జీ రాయండి.