యావ వచ్చినప్పుడు ఏం చేయాలి? (డీ-అడిక్షన్ చికిత్సలో ఉన్నవారికి)

మత్తు మానితే చాలదా, యోగా ఎందుకని చాలామంది అడుగుతుంటారు. మానేశాక కూడా ‘ఒక్కసారి తీసుకుందాం’ అనే యావ ఉన్నట్టుండి వస్తుంది. అది అలలా లేచి, సాధారణంగా అరగంటలోపు తగ్గుతుంది. ఆ కాసేపు దాటించడానికే ఈ సాధన.

నిటారుగా కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి బిగబట్టొద్దు. పది నిమిషాలు చేయండి. కూర్చోబుద్ధి కాకపోతే నడవండి, అదీ మంచిదే. రోజూ పొద్దున్నే చేస్తుంటేనే యావ వచ్చిన వేళ అక్కరకొస్తుంది.

ఒంట్లో బాగుంది కదా అని డాక్టర్ రాసిన మాత్రలు మాత్రం ఆపొద్దు. వాటికి యోగా బదులు కాదు. మళ్లీ వాడితే సిగ్గుపడి దాచకండి. ముఖ్యంగా మత్తు ఇంజెక్షన్లు, మాత్రలు కొన్నాళ్లు మానిన ఒళ్లు పాత మోతాదును తట్టుకోలేదు, ప్రాణం మీదికొస్తుంది. మనిషి పలక్కపోతే వెంటనే 108కి చేయండి. సలహా కావాలంటే 14446కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.