మంచు తుపానులో ఇంటిదారి

మన హోసూరు ప్రాంతమున ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకు బాలబాలికలకు 'పని' యను మాట రెండు విధముల వినబడును. తెలుగున పని యనగా చేయవలసిన కార్యము. తమిళమున పని యనగా మంచు. తమిళులు కార్యమును 'పణి' యందురు. ణకారమును స్పష్టముగా పలికిననేగాని భేదము తెలియదు. ఈ పాఠమున మేము చెప్పబోవునది యీ రెండు పనులును ఒకే దినమున ఎదురుపడిన వృత్తాంతము.

మంచు అను మన మాటకు వ్యాప్తి చాల పెద్దది. ధనుర్మాసపు వేకువను గడ్డిపై నిలుచు బిందువులును మంచే. దారిని కప్పునదియు మంచే. హిమాలయ శిఖరములపై పేరుకొన్నదియు మంచే. హిమము, తుహినము, తుషారము, నీహారము అని సంస్కృతమునుండి పదములు తెచ్చుకొన్నను, వానిని కవులు తరచుగా ఒకదాని బదులొకటి వాడిరి. మంచు కురియని సీమలో దానికి వేరువేరు పేర్లతో పనియేమి? కాని విదేశమున నున్న కుమారుడు మంచు పడుచున్నదని ఫోనులో చెప్పినపుడు, ఇచట తల్లి పొగమంచును తలచుకొని, "తలకు గుడ్డ కట్టుకో నాయనా" అని ఊరకుండును. ఆ మంచు అట్టిది కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమున మసాచుసెట్సు రాష్ట్రము కలదు. దాని ముఖ్యనగరమైన బోస్టను సముద్రతీరమున నున్నది. మన తూర్పుతీరమునకు వాయుగుండము వర్షమును తెచ్చునట్లు, ఆ తీరమునకు శీతకాలపు తుపాను మంచును తెచ్చును. గాలి ఈశాన్యమునుండి వీచుటచే ఆ దేశస్థులు ఆ తుపానును ఆ దిక్కు పేరుతోనే పిలుతురు. గాలి గంటకు 56 కిలోమీటర్లకు తగ్గక వీచుచు, 400 మీటర్ల దూరమైనను కనబడనీయక, మూడు గంటలైనను సాగినచో దానిని అచటి వాతావరణశాఖ 'బ్లిజర్డు' అని వ్యవహరించును.

1978 ఫిబ్రవరి 6వ తేది సోమవారము. తుపాను రాగలదని వాతావరణశాఖ ముందుగనే తెలిపియుండెను. ఐనను తెల్లవారునప్పటికి బోస్టనులో మంచు పడలేదు. చెప్పిన వేళకు రానిది ఇక రాదని తలచి, అనేకులు యథాప్రకారము కార్లెక్కి పనులకు పోయిరి. వారిని తప్పుపట్టుట మాకు ఇష్టము లేదు. వానజోస్యము తప్పిన దినములు మనకును చాల గుర్తుండును గదా! పూర్వాహ్ణమున మొదలైన మంచు మధ్యాహ్నమునకు దట్టమయ్యెను. అంతట కార్యాలయములవారును, కర్మాగారములవారును ఇంచుమించు ఒకే వేళకు తమ సిబ్బందిని ఇండ్లకు విడిచిరి.

బోస్టనును అర్ధచంద్రాకారముగ చుట్టివచ్చు 128వ నంబరు రహదారిపై ఆ సాయంకాలము 3,000కు పైగా కార్లును, 500 లారీలును చిక్కుకొనెను. ఇది యెట్లు జరిగినదో తెలిసికొనవలెను. చక్రము రోడ్డును పట్టుకొనుటకు ఘర్షణ ఆధారము. చక్రములక్రింద నలిగిన మంచు బిగిసి గాజువలె నునుపగును. పొడిరోడ్డుపై కారు ఆగుటకు పట్టు దూరమునకు దానిపై పది రెట్లవరకు పట్టవచ్చును. గట్టిగా బ్రేకు వేసినచో కారు ఆగుటకు మారుగా జారును. కావున అందరును నడకవేగమున కదలిరి. ఎక్కడనో ఒక లారీ అడ్డము తిరిగెను. దాని వెనుకనున్నవి నిలిచిపోయెను. మంచును ప్రక్కకు నెట్టు యంత్రములును, ఉప్పు చల్లు లారీలును రావలసిన దారి ఆ కార్లతోనే నిండిపోయెను. ఉప్పు ఎందుకందురా? ఉప్పునీరు మంచినీటికంటె తక్కువ ఉష్ణోగ్రతయొద్ద గడ్డకట్టును గనుక రోడ్డుపై మంచు కరగును. కుల్ఫీ చేయువాడు మంచుగడ్డలో ఉప్పు కలుపుటయు ఈ ధర్మమును బట్టియే.

ఆ రహదారిపై 14 మంది కార్లలో మరణించిరి. వారిని చలి చంపినదని తోచును గాని, నిజమునకు చంపినది పొగ. ఇంజను నడచుచున్నంతసేపు కారులోపల వెచ్చగా నుండును. కావున దానిని ఆపక కూర్చుండిరి. బయట మంచు క్రమముగా పేరుకొని వెనుకనున్న పొగగొట్టమును మూసివైచెను. వెలికి పోవలసిన వాయువు లోనికి ప్రవేశించెను. అందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువును పట్టుకొనుదానికంటె 200 రెట్లకు మించిన బలముతో దానిని పట్టుకొనును. తల బరువెక్కును, నిద్ర వచ్చును. దినమంతయు పనిచేసి అలసినవానికి ఆ నిద్రపై అనుమానమెట్లు కలుగును? తలుపులు బిగించి బొగ్గుల కుంపటిప్రక్క పరుండువారికి మన యూళ్లలో వాటిల్లు ముప్పును ఇదియే. తలిదండ్రులు దీనిని పిల్లలకు తప్పక చెప్పవలెను.

చలిదేశములలో కారు నడుపువారు శీతకాలమున డిక్కీలో పార, కంబళి, ఇసుకసంచి, త్రాగునీరు ఉంచుకొందురు. చిక్కుపడినచో మొదట పొగగొట్టము చుట్టునున్న మంచును పారతో తొలగింతురు. ఇంజనును గంటకు పది నిముషములు మాత్రము నడిపి, గాలి కొట్టని ప్రక్క కిటికీని వ్రేలెడు తెరచి యుంతురు. కారు కనబడుటకు ఎర్రగుడ్డ కట్టుదురు. దానిని విడిచి నడచిపోరు. తెల్లని గాలిలో పది అడుగులు పోయినవానికి తిరిగి తన కారెచటనున్నదో తెలియదు.

బోస్టనులో ఆ తుపాను సుమారు 33 గంటలు సాగి 27.1 అంగుళముల మంచును కురిపించెను. చిక్కినవారిని కాళ్లకు జారుబద్దలు తొడుగుకొనియు, మంచుబండ్లెక్కియు వచ్చినవారు రక్షించి ప్రార్థనాలయములకును, పాఠశాలలకును చేర్చిరి. గవర్నరు మైకేల్ డుకాకిస్ కార్ల రాకపోకలను నిషేధించెను. ఆ నిషేధము దాదాపు ఒక వారము సాగెను.

అంత మంచు పడినందుననే అట్లయ్యెననుకొందుమేమో. 2014 జనవరి 28న దక్షిణమున నున్న అట్లాంటా నగరమున పడినది మూడు అంగుళములకు లోపే. మన తెలుగువారు అనేకులు స్థిరపడిన నగరమది. మధ్యాహ్నవేళ బడులు, కచేరీలు, అంగళ్లు ఒక్కసారిగా విడువగా రోడ్లన్నియు బిగిసిపోయెను. అరగంట దారికి పది గంటలకు మించి పట్టినవారు కలరు. వేలకొలది పిల్లలు ఆ రాత్రి బడులలోనే పరుండిరి. మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు అభ్యాసపాఠము నడుమ ఒక బాలుడు, "మంచు పడితే బడికి సెలవా అండీ?" అని మమ్మడిగెను. అట్లాంటాలో సెలవు ఇచ్చిరి గాని, ఇచ్చిన వేళ దాటిపోయినది.

దానికి ముందు సంవత్సరము, 2013 ఫిబ్రవరి 8న, బోస్టనుకు మరల పెద్ద తుపాను వచ్చెను. ఈసారి గవర్నరు డెవల్ పాట్రిక్, సాయంత్రము 4 గంటల తరువాత రోడ్డుపై సొంత కార్లు ఉండరాదని ఆ పగలే ఆజ్ఞ జారీచేసెను. పనివారు ముందుగనే ఇండ్లు చేరిరి. బోస్టనులో 24.9 అంగుళముల మంచు పడెను గాని, 128వ రహదారిపై 1978 నాటివలె కార్లు వరుసగా పూడిపోలేదు. అదే రాత్రి, అదే తుపానున, న్యూయార్కు చెంతనున్న లాంగ్ ఐలండు రోడ్లపై వందలకొలది కార్లు చిక్కుకొనెను.