మంచిని ఆజ్ఞాపించడం స్త్రీల బాధ్యత కూడా

విశ్వాసులైన స్త్రీపురుషులు ఒకరికొకరు సహాయకులనీ, వారు మంచిని ఆజ్ఞాపిస్తారనీ, చెడు నుంచి వారిస్తారనీ దివ్య ఖుర్ఆన్ (తౌబా సూరా, 71వ ఆయత్) తెలుపుతోంది. ఈ బాధ్యతను అల్లాహ్ పురుషులకు మాత్రమే అప్పగించలేదు.

హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా ఒప్పందం కుదిరాక, ఖుర్బానీ ఇచ్చి శిరోముండనం చేయించుకోమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఉమ్రా చేయకుండానే తిరిగి వెళ్ళాలన్న బాధతో సహాబాలు కదల్లేదు. ముందు తామే ఆ పని చేయమని హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) ఆయనకు సలహా ఇచ్చారు. ఆయన (స) అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు.

ఇక మన నెల్లూరు జిల్లానే చూడండి. అక్షరాస్యతా తరగతుల్లో ‘సీతమ్మ కథ’ పాఠం చదువుకున్న దూబగుంట స్త్రీలు తమ ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపించారు. 1992లో జిల్లా స్త్రీలు సారా వేలంపాటలనే అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో ప్రభుత్వం సడలించింది.

మద్యం హరామ్ అని మనకు తెలుసు. కాని దాన్ని ఆపించడానికి ముందు నడిచింది పల్లెల్లోని పేద స్త్రీలు.

మరి మన ఇళ్ళలో? ఇల్లాలి ఓటు ఎవరికో భర్తే నిర్ణయిస్తాడు. మహిళా రిజర్వేషన్ స్థానంలో పేరు భార్యది, పెత్తనం భర్తది. ఓటు ఒక షహాదత్ అని ఎందరో ఉలమాలు చెప్పారు. ఒకరి సాక్ష్యాన్ని మరొకరు ఎలా చెప్పగలరు? మనం ఆలోచించాలి.

సత్యానికి సాక్షులుగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.